గిరిప్రసాద్ పెట్టిన కాపలా

మా ఆయన గిరిప్రసాద్ పోయినా, ఆయన జాగ్రత్త తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నగరి మగ్గాలకు చీర అంచుల డిజైన్లు తిరుచానూరులో మా ఇంటి కంప్యూటర్ మీదే గీసేవాడు. 2004లో వైరస్ భయం పట్టుకుని రెండు యాంటీవైరస్‌లు ఎక్కించాడు.

"ఒకటి సాలదా?" అన్నాను.

"ఒకటి నిద్రపోతే ఇంకోటి సూస్తాది లేమే!"

రెండూ మెలకువగానే ఉండి, ఒకదాన్నొకటి వైరస్ అనుకుని పట్టుకున్నాయి. కంప్యూటర్ కదల్లేదు. సాయంత్రానికి డిజైన్ అందకపోతే మగ్గాల షావుకారు ఆ పని వేరొకరికి ఇచ్చేస్తాడు.

"ఒకటి తీసెయ్యబ్బా!"

"ఏది మంచిదో తెలిసుంటే రెండెందుకు పెడతా?"

చివరికి గ్రాఫు కాగితం మీద చేత్తో గీసి, బస్సెక్కి నగరిలో ఇచ్చొచ్చాడు. పని చెయ్యి జారలేదు.

"సూసినావా, ఒక్క వైరసూ రాలేదు!" అని ఆ రెండింటినే మెచ్చుకున్నాడు.