కొసరు మీద మా నాయన అభిప్రాయం

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఒకప్పుడు నేను తెలుగు పాఠకుల నోళ్ళకు తాళం వేసే పని చేశాను. ఊరికే కాదు, జీతం తీసుకుని చేశాను. అంతకు ముందు కాలం వేరు. పుస్తకం నచ్చకపోతే మూసి పక్కింటివాళ్ళకిచ్చి, "చదవండి, భలే ఉంది" అని పగ తీర్చుకునేవాళ్ళు. తర్వాత మనిషికో ఫోను వచ్చింది, ఫోనుకో అభిప్రాయం వచ్చింది. వైట్‌ఫీల్డ్‌లో ఆన్‌లైన్‌లో పుస్తకాలమ్మే ఒక కంపెనీ, వచ్చిన అభిప్రాయాల్లో ఏది సైటులో కనపడాలో ఏది కూడదో తేల్చడానికి భాషకొకరిని పెట్టుకుంది. తెలుగుకు నేను. డిగ్రీ అప్పుడే చేతికొచ్చింది, ఉద్యోగం ఇంకా ప్రొబేషన్లోనే ఉంది (కుర్చీలో వెనక్కి ఆనుకోవడానికి కూడా భయమే).

అభిప్రాయం పుస్తకం గురించే ఉండాలి. తిట్లు కూడదు, అంగళ్ళ ప్రచారం కూడదు, ఇంటి సంగతులు కూడదు. కత్తిరించి బాగుచేసే వీలు మాకు లేదు. వదిలితే మొత్తం వదలాలి, ఆపితే మొత్తం ఆపాలి. మా టీమ్ లీడ్ ఉత్తరాది ఆవిడ. మేమంతా చాటుగా రూళ్ళకర్ర అనుకునేవాళ్ళం. కూడనిది ఒక్కటి వదిలినా ఉద్యోగం ఖాయం కాదని మొదటిరోజే చెప్పేసింది. పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు అంటారేమో. కె.ఆర్.పురంలో మా ఎదురిల్లే మా మేనత్తది. "ఆడబిడ్డకు అంత దూరం పనేల, అంగట్లో కూచుంటే చాలదా?" అని నలుగురిలో అన్న మనిషి (ఆమెకు రైలు పట్టాలు దాటితే పరదేశమే). ఉద్యోగం ఊడి ఇంటికొస్తే, "నేనప్పుడే చెప్తిని కదప్పా" అంటుంది. ఆ ఒక్క మాటకు భయపడి నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ రోజుల్లోనే రోజువారీ బతుకులోని అర్థశాస్త్రం మీద ఒక తెలుగు పుస్తకం తెగ అమ్ముడుపోతూ ఉండింది. టమోటా ధర ఎందుకు ఎగురుతుంది, వానొస్తే ఆటోవాడు ఎందుకు ఎక్కువ అడుగుతాడు, అలాంటి సంగతులు. అభిప్రాయాలు కుప్పలుగా వచ్చేవి. "ఇంకా చదవలేదు, అట్ట బాగుంది, అయిదు స్టార్లు" అని ఒకాయన. "ఇది చదివినప్పటినుంచి మా ఆయన నన్ను మూరెడు పూలు కొననివ్వడం లేదు, ఒక స్టారు" అని ఒకావిడ (ఇంటి సంగతి కాబట్టి ఆపేశాను గానీ, మనసులో ఆవిడ పక్షమే). ఇవన్నీ ఇంట్లో చెప్పి నవ్వించేదాన్ని. అదే నా కొంప ముంచింది. "నాకూ ఒకటి తెప్పియ్యి పాపా, అంత గలాటా ఏముండాదో చూస్తాం" అన్నాడు మా నాయన.

మా నాయనది స్టేషన్ పక్క సందులో చిల్లర అంగడి. తాత కాలంనుంచీ ఉంది. పుస్తకం సగం దాకా తల ఊపుకుంటూ చదివాడు. కొసరు మీద ఒక అధ్యాయం వచ్చింది. తూకమయ్యాక అంగడివాడు వేసే కొసరు ఉచితం కాదనీ, దాని ఖర్చు ముందే ధరలో కలిపేసి ఉంటాడనీ రాశాడు రచయిత. మా నాయన కళ్ళద్దాలు తీసేశాడు.

"అంటే మా నాయన దొంగా? నేను దొంగా? కందిబేడలు తూచినాక గుప్పెడు వేస్తామే, అది లెక్కేసుకొని వేస్తామా? చంకలో బిడ్డ ఉండే తల్లికి చెయ్యి దానంతటదే రెండోసారి పోతాది. ఏ లెక్కలో కలిపేది దాన్ని? నేనూ రాస్తా అభిప్రాయం."

"నాయనా, వద్దు. అది చదివేది నేనే."

"నువ్వే కదా! ఇంక భయమేల?" అన్నాడు. అనడమే కాదు, అంగడికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాడు: "మా పాప సరే అంటేనే ఎవురి మాటైనా బయటికొచ్చేది. చూస్తా ఉండండి, నాది వస్తాది."

వచ్చింది, నా స్క్రీన్ మీదికి. నేను నేరుగా రూళ్ళకర్ర దగ్గరికెళ్ళి, ఇది మా నాన్నగారిదండీ అని చెప్పేశాను. ఆవిడ తలెత్తలేదు. "తండ్రైనా తాతైనా రూలొకటే. తెలుగుకు నువ్వొక్కదానివే, నువ్వే తేల్చు. తర్వాత నేను చూస్తాను" అంది. ఆ మొదటి అభిప్రాయంలో రచయిత జన్మలో తక్కెడ పట్టలేదన్న మాటతోపాటు అంగడి పేరు, సందు గుర్తు, పొద్దున్నే తెరుస్తామన్న సమాచారం కూడా ఉన్నాయి. ఆపేశాను. రెండోదాంట్లో అంగడి పోయింది గానీ, రచయిత అడ్డగాడిదయ్యాడు. అదీ ఆపేశాను.

ఇంట్లో మాటలు బందయ్యాయి. నేను ఎదురుగా కూర్చునుండగానే మా నాయన అమ్మతో, "ఆ ఆఫీసరమ్మకు ముద్ద పెట్టు. చారు రూలు ప్రకారం ఉండాదేమో చూసి మరీ పొయ్యి" అనేవాడు. "మీ నడుమ నా ప్రాణం పోతా ఉండాది. మీరే మాట్లాడుకోండప్పా" అని అమ్మ గిన్నె ఠపీమని పెట్టేది. అంగట్లో సందు జనం, "ఏం స్వామీ, మీ మాట ఇంకా రాలేదే?" అని అడిగితే నాయన విననట్టు పొట్లాలు కట్టేవాడు. మా మేనత్త ఒకరోజు వాకిట్లో నిలబడి, "కూతురి దగ్గరే చెల్లని మాట ఊర్లో ఏం చెల్లుతాదిలే" అంది. ఆయన చెప్పులేసుకుని అంగడికి పోయాడు. ఛీ, ఈ ఉద్యోగం పోతే పోనీ, మూడోది ఏది రాసినా వదిలేస్తాననుకున్నాను.

మూడోది నా దాకా రానేలేదు. ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ పంపితే అది నేరుగా టీమ్ లీడ్‌కు పోతుందట. ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "ఒక్కో వాక్యం చదివి నాకు ఇంగ్లీషులో చెప్పు" అంది. చుట్టుపక్కల భాషలవాళ్ళంతా పని ఆపి ఇటే చూస్తున్నారు. ఈసారి ఎవరు గాడిదో, అది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియకుండానే చదవడం మొదలుపెట్టాను.

"పుస్తకం సులభంగా ఉండాది, చదివిస్తాది. టమోటా సంగతి, ఆటో సంగతి సరిగ్గా చెప్పినారు. కొసరు సంగతి తప్పు. ధరలో కలిపేది వ్యాపారం. కొసరు మనిషి మొగం చూసి వేసేది. రాసినాయన ఒక దినం అంగట్లో కూచోని చూసి, ఆ అధ్యాయం మళ్ళీ రాయాల. రెండు స్టార్లు."

"బాగుందే!" అంది రూళ్ళకర్ర. "తప్పేమీ లేదు. వదిలెయ్."

అమ్మయ్య అనుకున్నాను. పేజీ కిందికి జరిపితే ఇంకో నాలుగు వాక్యాలున్నాయి.

"ఇది చదివేది మా పాప. రెండు మార్లు ఆపేస్తే కోపమొచ్చి మాట్లాడకుండా ఉండా. అయినా నా పక్కన కూచోని తూకం నేర్చుకున్న బిడ్డ, నాయనని చెప్పి నాకు ఎక్కువ తూచలేదు. దాని పని ఎక్కడికీ పోదు."

నేను ముఖం అటు తిప్పుకున్నాను. "ఏమైంది? తిట్టాడా?" అంది ఆవిడ. లేదండీ అని, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. తర్వాత మెల్లిగా, "ఇంటి సంగతి" అంది. "అవునండీ" అన్నాను. మౌసు నా చేతిలోనే ఉంది. నేనే ఆపేశాను. నా ఉద్యోగం ఖాయమైందని ఆ సాయంత్రమే ఆవిడ చెప్పింది.

తిన్నగా అంగడికి పోయాను. నాయన ఎవరికో బెల్లం తూస్తున్నాడు.

"ఆపేసినా నాయనా" అన్నాను.

"మంచిది."

"ఆ కడాన రాసిన నాలుగు మాటలు లేకుంటే వచ్చేసుండేది."

"తెలుసు" అన్నాడు, తక్కెడ మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "పైన ఉండేదంతా వాళ్ళకు తూచింది. ఆ నాలుగు మాటలు నీకు వేసింది."

ఆ పుస్తకం కింద ఇప్పటికీ ఎందరి అభిప్రాయాలో ఉన్నాయి, మా నాయనది లేదు. బెల్లానికొచ్చిన ఆమె నోరు తెరుచుకుని చూస్తుండగా, ఉద్యోగం ఖాయమైన ఆఫీసరమ్మ అంగడి మెట్టు మీద కూలబడి, పొద్దున ఇస్త్రీ చేసుకున్న చున్నీతోనే ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వే వస్తుంది, కళ్ళు మాత్రం ఇంకా మాట వినవు.