రజా రోజున వెలిగిన బల్బు

నిన్న పొద్దున ఒక కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పగానే ఆ వాసన గుప్పుమంది. మగ్గం నూనె, వేడెక్కిన దుమ్ము, పాలిస్టర్ నూగు కలిసిన వాసన. ఫ్యాను రెక్కల మధ్య నూగు బూడిదరంగు పరుపులా పేరుకుపోయి ఉంది. డబ్బా తెచ్చినాయన మూతి ముడిచి వెనక్కి జరిగాడు. నేను మాత్రం ముక్కు ఇంకాస్త దగ్గర పెట్టాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ, నాకేం! సూరత్‌లో, అందులోనూ మా లింబాయత్‌లో, మగ్గాల గోడకు ఆనుకుని బతికే ఇళ్లనుంచి వచ్చే ప్రతి కంప్యూటరూ ఇదే వాసన వేస్తుంది. ఆ వాసన తగిలిందంటే చాలు, భాగ్యక్క గల్లా పెట్టె వెనక నుంచి “డబ్బా విప్పినవా, ముచ్చట్లు పెడుతున్నవా?” అని అరిచినట్టే ఉంటుంది. నాకు ఈ పని నేర్పిన మనిషి ఆమె. కోపం తెచ్చుకోవడం కూడా చాలావరకు ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

భాగ్యక్కది కరీంనగర్ వైపు. పెళ్లయి సూరత్ వచ్చింది. భర్త మా గల్లీ మొదట్లో మగ్గాల విడిభాగాల దుకాణం నడిపేవాడట. ఆయన పోయాక ఆమే నడిపింది. పాత మగ్గాలు తుక్కు కింద అమ్ముడుపోవడం మొదలయ్యాక బేరాలు తగ్గాయి. అప్పుడు రింగ్ రోడ్ దగ్గర ఒక రిపేరు దుకాణంలో కూర్చుని, ఎవరేమనుకున్నా లెక్కచేయకుండా కంప్యూటర్ల పని నేర్చుకుంది. నేను చేరేనాటికి ఆ దుకాణంలో ఒక గోడకు మగ్గాల నాడెలు, బాబిన్లు వేలాడుతుంటే ఎదుటి గోడకు ర్యామ్‌లు, హార్డ్ డిస్క్‌లు ఉండేవి. బోర్డు మాత్రం పాతదే. గుజరాతీలు అక్కకు బదులు ‘బెన్’ చేర్చి ఆమెను భాగ్యాబెన్ అనేవారు. నోరు పెద్దది. మంచం మీద జ్వరంతో పడుకున్నా గల్లీ చివరిదాకా వినపడేది.

పన్నెండో తరగతి అయిపోయాక నేను ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని. ఆ జిగురు వాసనకు నాకు తల పగిలిపోయేది. ఒకరోజు ఇక నావల్ల కాదని లేచి, తిన్నగా భాగ్యక్క దుకాణానికి వెళ్లి పని అడిగాను.

“ఏమొస్తది నీకు?” అంది.

“ఏం రాదు. నేర్చుకుంట.”

“ఏం రాదన్నవ్ గదా, గది మంచిగున్నది. అన్నీ వస్తయనేటోళ్లతోనే నాకు పరేషాన్. రేపు రా.”

బాపు ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆయన పక్క గల్లీలోని కార్ఖానాలో మగ్గం నడిపేవాడు. గొడవపడే మనిషి కాదు, కానీ నలుగురి మాటకు తెగ భయపడేవాడు. చివరికి, “పోతె పో. గని నీ పని మీద ఒక్క మాట నా దాక వచ్చిందా, గా దినమే బంద్. మళ్ల ఇంట్ల కూసోవాలె,” అన్నాడు. సరేనని తలూపాను. నేను బిగించిన కంప్యూటర్ మొదటిసారి వెలిగినప్పుడు ఎంత మురిసిపోయానో ఎలా చెప్పను! ఆ పని పోతే నేనేమైపోతానా అని రోజూ లోపల బెదురుగానే ఉండేది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తక్కువ ఖర్చులో ఆటల కంప్యూటర్ కావాలనే కుర్రకారే. కడోదరాలో మిల్లులో పనిచేసే ఒకతను వచ్చి, “అక్కా, అద్దం డబ్బా కావాలె. లోపట రంగురంగుల లైట్లు తిరగాలె,” అన్నాడు.

“ఆట ఆడుతవా, దీపావళి జేస్తవా?” అంది భాగ్యక్క.

“లైట్లు లేకపోతే దోస్తులు నవ్వుతరక్కా.”

“ఆట నడుమల ఆరిపోతే ఇంకా నవ్వుతరు. సూడు తమ్మీ, గ్రాఫిక్స్ కార్డ్ పేరు అందరికీ చెప్పుకుంటవ్. ప్రాసెసర్ పేరు చెప్పుకుంటవ్. పవర్ సప్లయ్ పేరు ఎవ్వడన్న అడుగుతడా? అడగడు. గందుకే అందరు గాడనే కోత పెడ్తరు. మనం మొదలు గదే ఎంచాలె. మిగిలినదాంట్ల తక్కినయి.”

అతను ముఖం మాడ్చుకున్నాడు. అయినా ఆమె ఊరుకోలేదు. పాత గ్రాఫిక్స్ కార్డ్ ఒకటి తీసి, అతని ముందే ఆట పెట్టి, అది వేడెక్కి ఫ్యాను గోల చేసేదాకా ఆడించి, ఏమీ కాలేదని చూపించి మరీ ఇచ్చింది. అతను లైట్లు లేని నల్ల డబ్బా చంకన పెట్టుకుని వెళ్లాడు. తర్వాత తన దోస్తులను కూడా మా దగ్గరికే పంపాడు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కొనేవాళ్ల ఇల్లు చూడకుండా సామాను ఎంచేది కాదు. గుడ్డ సంచిలో ఒక పాతకాలపు పసుపు బల్బు, హోల్డరు, వైరు వేసుకుని బయలుదేరేది. కంప్యూటర్ పెట్టబోయే చోట ఆ బల్బు వెలిగించి, వాళ్లిచ్చిన చాయ్ తాగుతూ దాన్నే చూస్తూ కూర్చునేది. పక్క కార్ఖానాలో మగ్గాలు అందుకోగానే వెలుగు ఎంత కుంగుతుందో చూసి, దాన్ని తట్టుకునే పవర్ సప్లయ్ పెట్టె ఏదో అక్కడే తేల్చేది. నూగు ఎక్కువగా ఎగిరే ఇల్లయితే ముందువైపు కడుక్కోగల జాలీ ఉన్న డబ్బా చెప్పేది.

“పెండ్లిచూపులకు పోయినట్టే పోతున్నవక్కా,” అని నేను ఆటపట్టిస్తే, “పెండ్లిచూపులే మరి. డబ్బా పోయి బతికేది గా ఇంట్లనే గదా,” అనేది.

అలా ఉండగా రాజమల్లు మాస్టర్ కబురు పెట్టాడు. బాపు పనిచేసే కార్ఖానాకు ఆయనే మాస్టర్. ఎవరికి ఏ మగ్గం ఇవ్వాలో, ఎవరిని ఉంచాలో, తీసేయాలో అంతా ఆయన చేతిలోనే ఉండేది. కొడుకు వంశీకి ఆటల కంప్యూటర్ కొనిస్తానని మాట ఇచ్చాడట. “రజా దినం రా అక్కా, నేను ఇంట్లనే ఉంట,” అన్నాడు. వారానికొకసారి మగ్గాలు ఆగే సెలవుకు ఇక్కడ అందరం రజా అనే అంటాం. ఆ రోజు వెళ్లాం. మాస్టర్ భార్య వేడివేడి సర్వపిండి పెట్టింది. భాగ్యక్క బల్బు వెలిగించింది. అది రెప్ప కూడా వేయకుండా వెలిగింది.

“అక్కా, జర పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ పెట్టరాదు,” అని వంశీ బతిమాలాడు. భాగ్యక్క బల్బు వైపు, వంశీ ముఖం వైపు చూసి మెత్తబడింది. “కరెంటు మంచిగనే ఉన్నది. పవర్ సప్లయ్‌ల జర తగ్గించి కార్డ్‌ల పెడదాం,” అంది. నేను బిగించాను. దుకాణంలో ఆడించి చూస్తే బ్రహ్మాండంగా నడిచింది. వంశీ ఆనందం చెప్పనలవి కాదు.

ఆ ఆనందం ఎన్నాళ్లో నిలవలేదు. సాయంత్రం పాళీ మారి, కొత్త షిఫ్టువాళ్లు దిగి, మగ్గాలన్నీ ఒక్కసారి మొదలవగానే కంప్యూటర్ ఆరిపోవడం మొదలైంది. సరిగ్గా దోస్తులంతా చేరి ఆట మీద ఉన్నప్పుడే! రాజమల్లు మా దుకాణానికి రాలేదు. నేరుగా బాపు మగ్గం దగ్గరికి వెళ్లాడు. “నీ బిడ్డ బిగించిన డబ్బా రోజు కండ్లు మూస్తున్నది. ఆడపిల్లకు గిసొంటి పనులెందుకు?” అని అందరి ముందూ అన్నాడు. బాపుకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా, “రేపటి సంది పోకు,” అన్నాడు. అమ్మ రాళ్ల డబ్బా నా వైపు జరిపింది. అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. ఏ వైరు సరిగా కూర్చోలేదో, ఏ స్క్రూ వదులుగా ఉందో అని నా చేతులనే తిట్టుకున్నాను.

పొద్దున, ఇక రానని చెప్పి రావడానికని అమ్మను ఒప్పించి దుకాణానికి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. భాగ్యక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది.

“ఎప్పుడు ఆరిపోతున్నదట?”

“పాళీ మారంగనే.”

“మనం గా ఇంటికి ఏ దినం పోయినమే?”

“రజా దినం.”

ఆమె నుదురు ఠపీమని కొట్టుకుంది. “ఓరి దేవుడా! మగ్గాల నడుమ పెరిగి, మగ్గాల సామాన్ అమ్మి బతికి, మగ్గాలు బంద్ ఉన్న నాడు పోయి కరెంటు సూసొచ్చిన్నా!”

నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు నా చేతులది కాదు! కానీ వెంటనే ఆమె ముఖం చూస్తే జాలేసింది. గల్లీలో ఆమె బేరమంతా ఆ బల్బు మీద జనానికి ఉన్న నమ్మకంతోనే నడిచేది. “అక్కా, వైరు లూజ్ ఉండెనని చెప్పి పవర్ సప్లయ్ మార్చి వద్దాం. తప్పు ఎట్లైన నా మీద పడనే పడ్డది గదా,” అన్నాను.

“నోరు మూసుకో,” అంది. “మీ బాపును గూడ గాడికి రమ్మను.”

ఆ సాయంత్రం రాజమల్లు ఇంట్లో చేరాం. మాస్టర్ ముందు కూర్చోలేక బాపు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తమాషా చూద్దామని ఇరుగుపొరుగు కూడా వచ్చారు. వంశీ కంప్యూటర్ పెట్టాడు. పక్కనే భాగ్యక్క బల్బు వెలిగించింది. కాసేపటికి పక్క కార్ఖానాలో మగ్గాలు దడదడమని అందుకున్నాయి. బల్బు వెలుగు సగానికి కుంగి ఎర్రబారింది. కంప్యూటర్ ఆరిపోయింది.

“సూసినవా రాజమల్లన్నా,” అంది భాగ్యక్క. “పిల్ల బిగించిన దాంట్ల ఒక్క తప్పు లేదు. సామాన్ ఎంచింది నేను. రజా దినం వచ్చి, బల్బు మంచిగ వెలిగిందని మురిసి, సస్తా పవర్ సప్లయ్ ఎంచిన. తప్పు నాది.”

 రాజమల్లు పకపకా నవ్వాడు. “వారీ! గల్లీ గల్లీ తిరిగి కరెంటు సూసేటామె రజా నాడు కరెంటు సూసిందట!” గుమ్మంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. భాగ్యక్క నవ్వలేదు, తిట్టలేదు కూడా. సంచిలోంచి మంచి పవర్ సప్లయ్ తీసి నా చేతికిచ్చి, “బిగియ్,” అంది. అందరూ చూస్తుండగా బిగించాను.  కంప్యూటర్ వెలిగింది. కాసేపటికి ఇంటి వెనక కార్ఖానా కూడా మొదలైంది. బల్బు ఇంకా కుంగింది. వంశీ ఆట మాత్రం ఆగలేదు. వాడు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. రాజమల్లు నవ్వు తగ్గించి, బాపు వైపు తిరిగి, “నీ బిడ్డ చెయ్యి మంచిదేనోయ్. నేనే తొందరపడ్డ,” అన్నాడు.

తిరిగి వస్తుంటే మలుపులో సోడా బండి దగ్గర భాగ్యక్క గట్టు మీద కూలబడింది. “సోడా తెప్పియ్యే. నాలుక అంగిట్లకు అంటుకున్నది,” అంది. గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేసి ఇంకోటి అడిగింది. గల్లీనంతా గడగడలాడించే మనిషిని అలా చూడటం నాకు అదే మొదటిసారి.

“భయమైందా అక్కా?”

“కాదా మరి! రేపటి సంది నా ముఖం మీదనే నవ్వుతరు. నవ్వనీ. నువ్వు ఇంట్ల కూసుంటే దుకాణంల నేను ఎవల్ని తిట్టుకుంట బతకాలె?”

నాకు ఏడుపొచ్చింది. కొంచెం దూరంగా నిలబడ్డ బాపు దగ్గరికి వచ్చాడు. “పొద్దుగాల దుకాణం ఎన్నింటికి తీస్తవక్కా? బిడ్డను జల్ది లేపాలె,” అన్నాడు.

ఆమె అన్నట్టే నవ్వారు. ఆ తర్వాత చాలాకాలం గల్లీలో ఆమె పేరు ‘రజాబెన్’ అయిపోయింది. కొందరు బేరాలు మానేసి రింగ్ రోడ్ వైపు దుకాణాలకు పోయారు కూడా. ఆ పేరుతో పిలిస్తే ఆమె చెప్పు తీసేది. కానీ ఎవరైనా కొత్తవాళ్లు సంగతేమిటని అడిగితే, అరుచుకుంటూనే అయినా, జరిగింది జరిగినట్టు చెప్పేది. ఒక్కనాడూ నా పేరు అడ్డం పెట్టుకోలేదు. ఇప్పుడామె లేదు. జబ్బు చేసి, దుకాణం నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది. ఆ తిట్లు వినపడని దుకాణం చాలా రోజులు నాకు పరాయి దుకాణంలాగే ఉండేది.

సామాను ఎంచడంలో నేనూ పొరపడుతుంటాను. మొన్నీమధ్య ఒకాయన తర్వాత పెద్ద ప్రాసెసర్ వేసుకుంటానని ముందే చెప్పినా, నేను ఎంచిన మదర్‌బోర్డుకు అది సరిపోలేదు. దుకాణం నిండా జనం ఉన్నారు. కంపెనీ మీదకు తోసేయొచ్చు, నా దగ్గర పనిచేసే పిల్ల మీదకూ తోసేయొచ్చు. ఆ పిల్ల అప్పటికే తల దించుకుని నిలబడింది. నాకు నోరెండిపోయింది. “ఎంచింది నేనే. తప్పు నాది,” అన్నాను. ఎన్నిసార్లు అన్నా ఆ మాట నాకు తేలికవలేదు. భాగ్యక్కకూ అది తేలిక కాదని ఆ గట్టు మీద పక్కన కూర్చుని చూశాను కాబట్టే, భయపడుతూనే చెప్పేస్తున్నాను.