అడ్డు తప్పుకునే మనిషి

చెరువు మధ్యలో ఉన్న ఆ మహలులో, పడవ దిగి వచ్చేవాళ్ల తడి అడుగులు తుడవడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ తుడుస్తోంది. పాలరాయి అద్దంలా మెరుస్తుంది. ఆవిడ అరికాళ్లు మాత్రం నానిన అట్టల్లా ఉంటాయి. రాణిగారి కిటికీ దగ్గర ఎవరు ఫొటోకి ఫోన్ ఎత్తినా, "కాస్త తప్పుకోమ్మా" అని వాళ్లు నోరు తెరిచేలోగా స్తంభం చాటుకి వెళ్లిపోతుంది. తప్పుకోవడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి.

మొన్న ఒక్క రోజు పనివాళ్ల ఇంటివాళ్లని టిక్కెట్టు లేకుండా రానిచ్చారు. మొగుడు, కొడుకు, కోడలు, మనవరాలు వచ్చారు. ఆవిడ దాచుకున్న కొత్త చీర కట్టుకుని, తడిగుడ్డ పక్కన పడేసి, మహలంతా తన పుట్టిల్లయినట్టు దగ్గరుండి చూపించింది. చివరికి రాణిగారి కిటికీ ముందు అందరూ ఒద్దికగా నిలబడ్డారు. కొడుకు చెయ్యి చాచి ఫోన్ ఎత్తాడో లేదో, ఆవిడ కాళ్లు వాటంతటవే స్తంభం చాటుకి నడిచాయి. ఎవరైనా పిలుస్తారేమోనని అక్కడే నిలబడింది.

కోడలు ఫోన్ లాక్కుని చూసింది. "అబ్బ, ఎంత బాగా వచ్చిందో! అందరం పడ్డాం."