ఫారాలక్క లెక్కలో మధ్య ఇల్లు

మా వీధిలో ఫారాలక్కను ఎరగనివాళ్లు లేరు. పదిహేనేళ్లుగా, మూడేళ్లకోసారి, చంకలో అట్ట, చేతిలో ఫారాల కట్ట పట్టుకుని గడపగడపకూ తిరిగి “నెలకి మీ ఇంట్లోకి ఎంతొస్తుంది” అని అడగడం ఆవిడ పని. మొగుడు పెళ్లానికి కూడా చెప్పని మాట జనం ఆవిడకు చెప్పేస్తారు. చెప్పింది చెప్పినట్టు ఆవిడ కడుపులో దాచుకుంటుంది. నాకైతే ఏమీ చెప్పలేదు, నేను అడగకపోయానా.

జిల్లా మొత్తం తిరగరు. అక్కడో ఇల్లు, ఇక్కడో ఇల్లు, అంతా కలిపి ఎనిమిది వందలు. “అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి మెతుకులన్నీ నలపాలా వదినా” అంటుంది నాతో. ఆ ఇళ్లను తక్కువ రాబడి నుంచి ఎక్కువ రాబడి దాకా వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఏది వస్తుందో, దాని రాబడినే జిల్లా రాబడిగా సర్కారు లెక్కల ఆఫీసు రాసుకుంటుంది. చివరనున్న మిల్లు యజమాని ఇంకో మిల్లు కట్టినా ఆ మధ్య ఇల్లు కదలదు.

ఈసారి కదిలింది. మూడేళ్ల కింద నెలకు ఇరవై వేలున్నది ఇరవై ఏడయింది. ఇరవై ఐదు దాటిన జిల్లాలో పిల్లల గది ఖర్చు సర్కారు భరించదు. పిల్లల గదంటే కుట్టు ఫ్యాక్టరీ పక్కన, తల్లులు మిషన్ల మీద ఉన్నంతసేపూ పసివాళ్లను చూసే చోటు. ఫారాలక్క సొంత చెల్లెలు ఆ ఫ్యాక్టరీలోనే కాలర్లు కుడుతుంది. దాని రెండేళ్ల పిల్ల ఆ గదిలోనే ఉంటుంది. నెలాఖరుకు మూసేస్తామని తలుపుకు కాగితం అంటించారు. గది లేకపోతే దాని ఉద్యోగం లేనట్టే.

ఆ సాయంత్రం చెల్లెలు చెప్పులు కూడా విడవకుండా అక్కను పట్టుకుంది.

“ఎవరికి పెరిగాయక్కా జీతాలు? మా మేస్త్రీ నాకు చెప్పడం మర్చిపోయాడేమో.”

“వాళ్లు చెప్పిందే నేను రాశానే. అందులో ఒక్క అంకె కూడా నాది కాదు.”

“అయితే అందరూ నీ దగ్గర గొప్పలు పోయారు.”

“గొప్పలా? సగం మంది ఏడవడం ఒక్కటే తక్కువ.”

అన్నదే గానీ, ఆ మాట దగ్గరే ఆవిడ బుర్ర ఆగిపోయింది. ఇంటింటా గడవడం లేదన్నారు, మొత్తం కలిపితే బాగుపడ్డారని వచ్చింది. తన దగ్గరున్న కార్బన్ నకళ్లు, పాతవీ కొత్తవీ, నేల మీద పరుచుకుని కూర్చుంది. బస్సు డ్రైవరు జీతం అక్కడే ఉంది. ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లదీ అక్కడే ఉంది. ఎవరికీ పెరగని డబ్బు ఎక్కడినుంచి ఊడిపడింది? మూడుసార్లు కూడింది. మూడుసార్లూ అదే.

“ఆ కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. నీ గిన్నె దించక్కా, పిల్లకి పాలు కాచాలి. ఉన్నది ఒక్క పొయ్యేగా” అంది చెల్లెలు.

ఫారాలక్క గిన్నె దించి, అలాగే నిలబడిపోయింది. అద్దె కట్టలేక చెల్లెలు మొగుణ్నీ పిల్లనూ వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చేసి ఏడాదయింది. ఆఫీసు రూలు ప్రకారం ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక ఇల్లు. అప్పుడు రెండు బీద ఇళ్లు. ఇప్పుడు రెండిళ్ల రాబడీ కలిసి కాగితం మీద ఒక్కటే, ఉన్నవాళ్ల ఇల్లు. మళ్లీ నకళ్లు తిరగేసింది. అన్నదమ్ములు ఒకచోట చేరారు, అత్తగారింటికి అల్లుడు వచ్చేశాడు, ఇద్దరు తోడికోడళ్లు మళ్లీ కలిశారు. ప్రేమలు పొంగి కాదు, అద్దెలు పెరిగి.

మర్నాడు ఆఫీసరు ముందు నిలబడింది.

“రూలు రూలేనమ్మా. పదిహేనేళ్లుగా నువ్వే రాస్తున్నావు” అన్నాడాయన.

“రాశానండి. మరి మా చెల్లి రేపు ఇంకో పొయ్యి కొనుక్కుంటే మేం మళ్లీ బీదవాళ్లమైపోతామా?”

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. “ఇప్పుడు రూలు మారిస్తే పాత లెక్కలతో ఎలా పోల్చేది?”

“రూలు జోలికి వెళ్లకండి. తినే మనుషులెందరో కూడా ఫారంలో రాస్తాం కదా. దాంతో భాగించి చూడండి.”

భాగించారు. తలకు వచ్చేది మూడేళ్ల కిందటి కంటే తగ్గింది. మరి జిల్లా బాగుపడినట్టా, చితికినట్టా అని ఆవిడ అడిగితే, ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, రెండూ నిజమేనన్నాడు. రెండూ పైకి పంపాడు. ఏ లెక్క పట్టుకోవాలో తేలేదాకా, ఆర్నెల్లు, పిల్లల గది నడుస్తుందని జవాబొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే చెల్లెలు అంతా విని, “ఇంతకీ మనం ఉన్నవాళ్లమా, లేనివాళ్లమా?” అంది.

“నాకూ అంతుపట్టడం లేదే. ఈ ఆర్నెల్లూ పిల్లని దింపి నువ్వు పనికెళ్లు.”