ఒక్క తీరుగా వంగిన కొనలు

కిష్టారంలో పుట్టి పెరిగిన నాకు విల్లంటే, తాడు కట్టకముందు, వంకరలేని వెదురు బద్దే. అందుకే దంతెవాడ నుంచి తెప్పించుకున్న చెక్క విల్లును విప్పి చూడగానే ప్రాణం ఉసూరుమంది. దాని రెండు కొనలూ విల్లు వంగాల్సిన వైపుకు ఎదురు దిక్కుకు తిరిగి ఉన్నాయి. తెచ్చిన జీపు టాపు మీద తడిసి వంకరపోయిందనుకున్నాను. వంకరపోయిన బాణాన్ని మావాళ్లు నిప్పుల సెగ చూపించి సరిచేస్తారు. నాకసలే తొందరెక్కువ, పొయ్యిలోంచి నిప్పులు లాగాను.

పక్కింటి దొర్ల తెగ తాత గబగబా వచ్చి విల్లు లాక్కున్నాడు. అలాంటిది ఆయనా ఎన్నడూ చూడలేదు. కొనలు రెండూ వేళ్లతో తడిమాడు.

"ఏంది బిడ్డా, కండ్లు లేవా? రెండు దిక్కులా ఒక్క తీరుగ వంగినయ్. చెడిపోతే ఒక్క తీరుగ వంగుతదా? చేసినోడే వంచిండు."

ఇద్దరం కలిసి ఆ వంపుకు ఎదురుగా విల్లును వంచి తాడు తొడిగాం. తాత విల్లు నడుమ పిడికిలి పట్టి, బొటనవేలు తాడు వైపుకు లేపాడు. తాడు ఆ వేలికొస దగ్గర ఉండాలట, మాది ఇంకా లోపలే, విల్లుకు దగ్గరగా ఉంది. తాడు విప్పి, అది పొట్టయ్యేలా మెలికలు పెంచి, మళ్లీ తొడిగాను. మూడోసారికి కుదిరింది.

పెరట్లో గడ్డిమోపు నిలబెట్టి మూడు బాణాలు వేశాను. మూడూ మోపుకు ఎడమగా మట్టిగోడలో దిగాయి. విసుగొచ్చి విల్లు కింద పెట్టేశాను. తాత గోడ దగ్గరికి వెళ్లి, మూడింటినీ ఒక్క గుప్పిట్లో పట్టుకుని నవ్వాడు.

"ఇవి గూడ ఒక్క తీరుగనే పోయినయ్ గద బిడ్డా. రేపు విల్లును సరిజేద్దాం. ఇయ్యాల్టికి గడ్డిమోపునే ఎడమకు జరుపు."