మూడున్నర చదివిన మా అత్తగారు

మా అత్తగారు పోయి ఈ శుక్రవారానికి నెల. ఆ మధ్యాహ్నం నేను బడిలో నాలుగో తరగతికి భాగహారం చెబుతున్నాను. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా, భోజనానికి ఇంటికి వెళ్లిన మా ఆయన ఫోన్ చేశారు. "అమ్మ లేవట్లేదే," అన్నారు. అర్థమై కూడా, "గట్టిగా పిలవండి, చెవుడు కదా," అన్నాను. పిల్లల్ని పక్క క్లాసు టీచరుకి అప్పజెప్పి ఆటో ఎక్కాను. ఇల్లు చేరి దిగాక చూసుకుంటే చాక్‌పీసు ఇంకా చేతిలోనే ఉంది. అన్నం తిని, ఓ కునుకు తీద్దామని మంచం మీద వాలిన మనిషి అలాగే వెళ్లిపోయారు. ఎవరిచేతా చేయించుకోకుండా పోయిందని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటుంటే నాకు ఒళ్లు మండింది. చేయించుకుంటే నా సొమ్మేం పోయేది?

వాళ్లది బుచ్చయ్యపేట దగ్గర చిన్న పల్లె. చెరకు, వరి, రెండు గేదెలు, ఏటా బెల్లం వంట. మామగారు పోయి, మోకాళ్లు మొరాయించాక చోడవరంలో మా దగ్గరికి వచ్చారు. ఏం చదువుకున్నావు మామ్మా అని ఎవరైనా అడిగితే "మూడున్నర" అనేవారు. నాలుగో తరగతి సగంలో ఉండగా తమ్ముడు పుట్టాడట. ఉయ్యాల ఊపడానికి మనిషి కావాలని బడి మాన్పించేశారు. "మిగతా సగంలో ఏటున్నాదో నాకు తెల్దు కదే. అసలు సంగతులన్నీ అందులోనే ఉండుంటాయి," అనేవారు. నేను నవ్వేదాన్ని. ఇరవై ఏళ్లుగా ఆ నాలుగో తరగతే చెబుతున్నదాన్ని, అందులో అంత ఊరించే సంగతులేవీ నాకు కనబడలేదు.

పోయినేడాది జూన్‌లో బడికి కొత్త పుస్తకాలు వస్తే, ఒక సెట్టు ఇంట్లో ఉంచుకుందామని తెచ్చాను. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి ఆవిడ కట్ట విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఒసే, నాలుగో తరగతి సగం ఏ పేజీలో వస్తాదే?"

"ఎందుకత్తా?"

"అక్కణ్నించి సదూతాను."

"మొదటి సగం గుర్తుందా మరి?"

కాసేపు ఆలోచించారు. "నేదు. అయితే మొదట్నించే కానీ," అన్నారు.

మర్నాటి నుంచి మా ఇంట్లో కూడా బడి మొదలైంది. మేమిద్దరం బయటికి వెళ్లగానే కళ్లద్దాలు తుడుచుకుని మంచం మీద కూర్చునేవారు. ఇప్పటి పుస్తకాల్లో ఎడమ పేజీ ఇంగ్లిషు, కుడి పేజీ తెలుగు. ఎడమ పేజీ కనబడకుండా తువ్వాలు కప్పేసేవారు. "అది నాకేసి సూస్తంటే సదువు సాగట్లేదు," అని ఫిర్యాదు. దసరా సెలవులు అయ్యేసరికి ఆ తువ్వాలు భుజం మీదికి వచ్చేసింది. ఒక రోజు వంటగదిలో సంచి మీద అక్షరాలు కూడబలుక్కుని "రైస్" అని చదివారు. విప్పి చూస్తే నిజంగానే బియ్యం ఉన్నాయని ఆ పూటంతా పొంగిపోయారు.

లెక్కలతో మాత్రం నన్ను ముప్పుతిప్పలు పెట్టారు. చుట్టుకొలత పాఠంలో, పొలం చుట్టూ కంచెకి ఎంత తీగ కావాలన్నది ప్రశ్న. ఆవిడ నాలుగు వైపులూ శుభ్రంగా కూడి, అందులోంచి మూడు మీటర్లు తీసేశారు. ఇదేమిటత్తా అంటే, "మరి బండి ఎలాగెల్తాదే? దారి ఒగ్గొద్దేటి?" అన్నారు. ఇరవై ఏడు మామిడిపళ్లు నలుగురికి పంచమంటే తలా ఆరు పంచి, శేషం మూడు పక్కన "కోసినోడికి" అని రాశారు. ఇంకో లెక్కలో శేషం ఒకటి మిగిలితే "అడిగినోడికి" అని రాశారు. శేషం అంటే శేషమే, అక్కడితో ఆపెయ్యాలని ఎంత చెప్పినా వినలేదు. "మిగిల్నాది ఎవరిదో సెప్పకుండా లెక్క ఆపీకూడదే. తగువులన్నీ అక్కడే వస్తాయి," అని నాకే పాఠం చెప్పారు.

రోజూ సాయంత్రం తన నోట్సు తెచ్చి నా ముందు పెట్టేవారు. బడి నుంచి తెచ్చుకున్న కట్టతో పాటు, అదే ఊపులో ఆవిడదీ దిద్దేసేదాన్ని. దిద్దడమంటే ఏముంది, పేజీ తిప్పడం, రైటు కొట్టడం, కింద సంతకం. చెయ్యి తిరిగిపోతే నలభై పుస్తకాలు అరగంటలో అయిపోతాయి. మా ఉద్యోగంలో చాలామందికి ఈ సంగతి తెలుసు, ఎవరమూ బయటికి చెప్పం.

ఒక సాయంత్రం ఆవిడ, నేను దిద్దిన నోట్సు తీసుకుని, చూసుకుని, మళ్లీ తెచ్చి నా ముందే పెట్టారు.

"ఇది సదువు."

చదివాను. మొక్కకు వేర్లు ఎందుకు అన్న ప్రశ్న కింద, గుండ్రటి అక్షరాలతో, "మా కోడలికి తలనొప్పి వచ్చినప్పుడు కాఫీ కలపడానికి" అని రాసి ఉంది. పక్కన నా ఎర్ర రైటు. దాని కింద గుడ్.

నేను పకపకా నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

"మూడు రోజుల్నించి ఇలాగే రాస్తన్నాను. ఎక్కడైనా ఆపుతావేటో అని సూసేను."

"ఇంట్లో చదువే కదత్తా, దానికింత..."

"నాదంటే సరేలే, ముసల్దాన్ని. నాకు పరీచ్చా నేదు, పాసూ నేదు. ఆ బడి గుంటలవి సదూతన్నావా?"

నేను ఎర్ర పెన్నుకి మూత పెట్టాను.

"తప్పయితే ఇంటూ ఎట్టు, ఊరుకుంటాను. సూడకుండా రైటెట్టకే," అని లేచి వెళ్లిపోయారు.

అబద్ధమెందుకు, నాకు చాలా కోపం వచ్చింది. మూడున్నర చదివిన మనిషి నాకు చెప్పడమా అని ఆ పూట కంచాలు కూడా విసురుగా పెట్టాను. ఆ విసురుతోనే మర్నాడు పెందలాడే బడికి వెళ్లి, దిద్దేసిన కట్టలోంచి చేతికొచ్చిన పుస్తకం తీశాను. ఆవిడ మాట తప్పని నాకు నేను రుజువు చేసుకోవాలి కదా! మొదటి మూడు పుస్తకాలూ బాగానే ఉన్నాయి. నాలుగో పుస్తకం ఒక ఆడపిల్లది. మీ కుటుంబం గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. ఆ పిల్ల రెండే రాసింది. "మా ఇంట్లో నలుగురం. ఇప్పుడు ముగ్గురం." నేను రైటు కొట్టి ఉన్నాను. గుడ్ అని కూడా రాసి ఉన్నాను.

రెండు వారాల కిందటి పేజీ అది. ఆ రెండు వారాలూ రోజూ హాజరు పిలుస్తున్నాను, ఆ పిల్ల పలుకుతోంది. ఆ రోజు పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, వాళ్ల తాత చనిపోయాడని చెప్పింది. రోజూ బడి దగ్గర దింపేది ఆయనేనట. నాకు చెప్పలేదేమే అన్నాను. "పుస్తకంలో రాసేను కదా టీచర్," అంది.

సాయంత్రం ఈ సంగతి అత్తగారికి చెప్పి ఏడ్చాను. నేను చెప్పలేదా అని ఆవిడ ఒక్క మాట అనలేదు. "పోనీలే, ఇప్పుడైనా అడిగేవు. రేపు మళ్లీ అడుగు," అన్నారు. కాఫీ కలిపి తెచ్చి పక్కన కూర్చున్నారు.

ఆ తర్వాత చదవకుండా ఏదీ దిద్దలేదు. అరగంట పని రెండు గంటలైంది. కూర చల్లారిపోతోందని మా ఆయన గొణిగితే, "నువ్వెల్లి ఎట్టుకో బాబూ, అది సదూతంది," అని కొడుకుని గదమాయించేవారు. తన నోట్సు వంతు వచ్చేసరికి నా మొహంలోకే చూస్తూ కూర్చునేవారు. ఇంటూ పడితే ఎందుకో చెప్పేదాకా వదిలేవారు కాదు. ఎప్పుడో ఆగిపోయిన సగం దాటి, రెండో సగంలోకి దర్జాగా అడుగు పెట్టారు. నాలుగే పాఠాలు మిగిలాయి. అన్నీ అయ్యాక మా బడి పిల్లల పరీక్ష పేపరే తనకీ ఇవ్వాలని ముందే షరతు పెట్టారు.

ఆ చివరి వారం నేను పాత దారిలో పడ్డాను. రైటు కొట్టలేదు, అసలు తెరవనే లేదు. బడిలో తనిఖీ అన్నారు, మధ్యాహ్న భోజనం ఫొటోలన్నారు, రిజిస్టర్లన్నారు. సోమవారం నోట్సు ఇచ్చి, "సూడే, తొందర్నేదులే," అన్నారు. రేపు చూస్తానత్తా అని బడి సంచిలో పడేశాను. మంగళవారం రేపు అన్నాను, బుధవారం రేపు అన్నాను. గురువారం ఆవిడ అడగలేదు. శుక్రవారం వెళ్లిపోయారు.

పదకొండో రోజు అయ్యి, వచ్చిన చుట్టాలు వెళ్లాక ఆ నోట్సు బయటికి తీశాను. ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి వాక్యం నుంచి చదివాను. నీటి గురించిన పాఠం. మూడు జవాబులు రైటు. నాలుగోది తప్పు రాశారు. మా ఆయన చూస్తుండగానే ఇంటూ పెట్టాను. ఎందుకు తప్పో కింద రాశాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ అవతలికి వెళ్లిపోయారు.

పేజీ తిప్పితే అక్కడ జవాబు కాదు, "టీచరమ్మకు ప్రశ్న" అని ఉంది. "బెల్లం వండేటప్పుడు పెనంలోంచి ఎంతో ఆవిరి లేస్తుంది. ఆవిరే మేఘమై వాన కురుస్తుందని పాఠంలో ఉన్నది. నేను ఇన్నేళ్లు వండిన బెల్లం ఆవిరి ఏ ఊరిలో వాన పడినది?" కింద "జవాబు" అని రాసి, స్కేలు పెట్టి నాలుగు గీతలు గీసి, ఖాళీగా నాకు వదిలారు. ఆవిడ బతికున్న ఆ చివరి నాలుగు రోజులూ ఆ ప్రశ్న నా సంచిలో బడికి వెళ్తూ, వస్తూ ఉంది. ఎలా క్షమించుకోను నన్ను?

నాకు జవాబు తెలియదు. మొన్న ఆ ప్రశ్నని బోర్డు మీద రాసి, నోట్సు బల్ల మీద తెరిచి పెట్టుకుని మా నాలుగో తరగతిని అడిగాను. ముందు ఒకడు లేచి, "రోలుగుంటలో టీచర్, అక్కడ కొండలున్నాయి," అన్నాడు. "కాదు టీచర్, గోవాడలో," అని ఇంకొకరు. "మా అమ్మమ్మోలూర్లో! అక్కడ రోజూ వానే!" అని వెనక బెంచీ నుంచి ఒక గుంట అరిచింది. అంతే, క్లాసంతా లేచి నిలబడింది. ఎవరి ఊరు వాళ్లు చెబుతున్నారు, ఒక్క ఊరు చెప్పినవాళ్లు రెండోది వెతుక్కుంటున్నారు. నేను రాస్తున్నాను. నాలుగు గీతలూ నిండిపోయాయి, మార్జిన్ నిండిపోయింది. "టీచర్, మాదీ, మాదీ," అంటూ బల్ల చుట్టూ మూగారు. అక్షరాలు చిన్నవి చేసుకుంటూ, ఊరి పక్కన ఊరు, అట్ట లోపలి వైపు కూడా రాస్తూనే ఉన్నాను.