లక్ష్మీనర్సక్క, ఒక గాలి పంపు

మా లక్ష్మీనర్సక్కకు సైకిల్ టైరు కనబడితే నొక్కి చూడాల్సిందే. ఎవరి సైకిలన్నది ఆవిడకు అనవసరం. పాలాయనది కావచ్చు, పేపరాయనది కావచ్చు, పెళ్లికి పోయిన ఫంక్షన్ హాలు ముందు వాచ్‌మన్‌ది కావచ్చు. కుచ్చిళ్లు ఎత్తిపట్టి వంగుతుంది, బొటనవేలితో నొక్కుతుంది, "గాలి తక్కువుంది" అంటుంది, సంచిలోంచి పంపు తీస్తుంది. ఆ సంచిలో కూరగాయలు నేనెన్నడూ చూడలేదు.

మా అత్తమ్మ తుంటి విరిగి దవాఖానలో ఉంటే చూడ్డానికి వచ్చింది. మంచం దాకా రానేలేదు. వరండాలో చక్రాల కుర్చీ దగ్గరే ఆగిపోయి పంపు కొట్టడం మొదలుపెట్టింది. రౌండ్సుకొచ్చిన డాక్టరు ఆవిడ లేచేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నన్ను చూడనీకి వచ్చిందా, ఆ బండిని చూడనీకి వచ్చిందా?" అని అత్తమ్మ నన్నడిగింది.

అక్క ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరైంది. ఇక కుదురుగా ఉంటుందనుకున్నాం. మా తప్పే. హన్మకొండలో మా గాజుల దుకాణానికి వస్తే చాయ్ మొదటి గుక్క నా దగ్గర తాగుతుంది, రెండోది పక్క దుకాణంలో. గ్లాసు మాత్రం మూడో దుకాణంలో పెట్టిపోతుంది. ఆ గ్లాసులు వెతుక్కోవడం నాకో ఉద్యోగం.

ఆ మనిషి ఎక్కడెక్కడో తిరిగి లావు టైర్ల గుట్ట సైకిళ్లు ఆరు సంపాదించింది. బజారు పిల్లల్నీ, హసన్‌పర్తి రైతుల పిల్లల్నీ పోగుచేసి, ఆదివారం పొద్దున్నే గుట్టల మీది రాళ్లబాటల్లో తొక్కించడం మొదలుపెట్టింది.

"ఆడపిల్లలకు ఈ గాలి తిరుగుళ్లేంది నర్సమ్మా?" అని మా పక్కింటి మొగిలమ్మ నిలదీసింది.

"గాలి లేకుంట ఎట్ల తిరుగుతరు అత్తా?" అంది అక్క, మొగిలమ్మ మనవరాలి సైకిల్ నొక్కుతూ. వారం తిరక్కుండా ఆ మనవరాలు కూడా గుట్టెక్కింది.

ఇక నా కూతురు దీప సంగతి. ఏప్రిల్లో ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్సు, మ్యాథ్స్ తప్పింది. ఆనాటి నుంచి గది తలుపు వేసుకుంది. స్నేహితుల ఫోన్లు ఎత్తదు. కంచం లోపలికి పోవడం, కంచం బయటికి రావడం, అంతే. ఏమైందని అడిగితే "ఏంలేదు" అంటుంది. పదహారేళ్ల పిల్ల కళ్లముందే అట్లా అయిపోతుంటే నాకు దుకాణంలో చెయ్యాడేది కాదు. రెండూ నాలుగు సైజడిగిన వాళ్లకు రెండూ ఎనిమిది గాజులిచ్చి మాటలు పడ్డాను.

అది తెలిసి అక్క వచ్చింది. మెట్ల కింద దీప పాత సైకిల్ నొక్కింది. "గాలి తక్కువుంది. దీపా, జర పంపు పట్టు బిడ్డా."

"తర్వాత పడ్త మేడం," అంది దీప గదిలోంచే.

"మంచిది. నువ్వొచ్చేదాక ఈడనే ఉంట."

ఉంది. మా వంటింటి డబ్బాలన్నీ తిరగేసి సర్దింది. గోడ క్యాలెండరు మూడుసార్లు చోటు మార్చింది. ఆ చప్పుడు భరించలేక దీపే బయటికొచ్చింది. ఆ ఆదివారం గుట్టకు పోయి, మోకాలు చీరుకుని, నెత్తినిండా ఎర్రమట్టితో వచ్చి నాలుగు దోసెలు తింది. హసన్‌పర్తి నుంచి వచ్చే కావ్య అనే పిల్ల ఎట్లా పడ్డదో అభినయించి మరీ చూపించింది. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే. ప్రతి ఆదివారం మా వాకిట్లోంచి బయల్దేరే ముందు ఎవరో ఒక పిల్ల టైరు నొక్కి, "గాలి తక్కువుంది" అని అక్క ఆ పిల్లను పక్కకు తీసుకుపోయేది. అరగంటకు గానీ వచ్చేవాళ్లు కాదు. మిగతావాళ్లు బెల్లులు కొట్టి వాడకట్టంతా లేపేవాళ్లు.

జూన్‌లో ఓ శనివారం సప్లిమెంటరీ ఫలితాలొచ్చాయి. దీప మళ్లీ రెండూ తప్పింది. మళ్లీ తలుపు పడింది. ఆదివారం ఆరు దాటినా తెరుచుకోలేదు. ఈసారి పిల్ల ఆ గదిలోనే ఉండిపోతుందేమోనని తలుపు ముందే అటూ ఇటూ తిరిగాను.

అక్క మిగతా ఐదుగురు పిల్లలతో వచ్చింది. తిన్నగా తలుపు దగ్గరికి పోయి, "దీపా, నీ సైకిల్ల గాలి తక్కువుంది" అంది.

నాకు ఒళ్లు మండింది. "అక్కా, నిన్న నా చేతులతోని నేనే కొట్టిన. టైరు రాయిలెక్కున్నది. పిల్ల మళ్ల ఫెయిలై ఏడుస్తాంటే నీకు గాలి రంది పట్టుకున్నదా?"

అక్క తడబడింది. "నాకెరుకే భారతీ," అని గొణిగింది.

కావ్య నా చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, మేడం ఆ మాట టైరును చూసి అనది, మా మొఖం చూసి అంటది. మా అమ్మ దవాఖానల ఉన్నప్పుడు నాకు మూడు వారాలు అన్నది. పంపు కొట్టుకుంట నేను చెప్తాంటే ఇంటది. ఏడ్చినా ఎవలకు తెల్వది, రొప్పుతాననుకుంటరు."

"ఇది మీ అందరికీ తెలుసా?"

"అందరికెరుకే. మాకెరుక అని మేడంకే తెల్వది."

అక్క వెంటనే వంగి నా స్కూటీ టైరు నొక్కడంలో మునిగిపోయింది.

తలుపు తెరుచుకుంది. ఉబ్బిన కళ్లతో దీప వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా పంపు అందుకుంది. రాయిలాంటి టైరుకు గాలి కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూ చెప్పింది. ఫిజిక్సు పరీక్షలో తెలిసిన జవాబులే రాసి కొట్టేసిన సంగతి, అన్నీ పాసైన క్లాసు పిల్లలు ఎదురైతే సందు మారి నడిచిన సంగతి, నాకు ముఖం చూపలేక తలుపేసుకున్న సంగతి. పక్కగదిలో పడుకునే నాకు ఒక్కటీ తెలియదు. పిల్లలు చుట్టూ చేరి సైకిల్ గట్టిగా పట్టుకున్నారు. అక్క ఊఁ కొడుతోంది. ఇక చాలని ఎవరూ అనలేదు.

టైరు ఢామ్మని పేలింది. మొగిలమ్మ సిలిండరు పేలిందనుకుని, పిండి చేతులతోనే వీధిలోకి ఉరికి, వాడకట్టందరినీ పొయ్యిలు బంద్ చెయ్యమంది. దీప పంపు పట్టుకుని ఓ క్షణం బిత్తరపోయి, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కావ్య భుజం మీద వాలిపోయి మరీ నవ్వింది.

అక్క తన సైకిల్ దీపకిచ్చి తాను ఆటో పిలిచింది. ఎక్కేముందు దాని మూడు టైర్లూ నొక్కింది. బెల్లులు కొట్టుకుంటూ ఆరుగురు పిల్లలూ గుట్ట దారి పట్టారు.

నేను సైకిల్ షాపు తెరిచేదాకా ఆగి రెండు ట్యూబులడిగాను.

"పేలింది ఒక్కటే అంటివి గదమ్మా," అన్నాడు షాపాయన.

"పిల్ల ఫిజిక్సు దాకనే చెప్పిందన్నా. మ్యాథ్స్ ఇంక షురూ చెయ్యలే," అన్నాను.